ఐదో నంబరు పాట

మా ఆయన మైఖేల్ పాడిన ఆఖరి పాట ఒక డీవీడీలో ఉంది. మా చర్చి జూబ్లీ రోజున తీసిన వీడియో అది. ఆయన పోయి నాలుగు నెలలైంది. ఇంట్లోనే ఉన్న ఆ పాట నా అంతట నాకు దొరకదు.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. డిస్క్ పెట్టగానే కీబోర్డు సంగీతం మోగుతుంది, అదే ముక్క తిరిగి తిరిగి వస్తుంది. తెరమీద మెనూ అని పాటల పట్టిక ఉందట. ఉంటే నాకేం లాభం? రిమోట్‌లో ఏదో ఒకటి నొక్కితే పాస్టరుగారి ప్రసంగం. ఇంకోటి నొక్కితే మళ్ళీ మొదటికి. పక్క వాటా కుసుమకుమారిని పిలిస్తే పాట పెడుతుంది గానీ, పెట్టి వెళ్ళదు. పక్కనే కూర్చుని "ఊరుకో అక్కా, ఊరుకో" అంటుంది. మొగుడి కోసం ఏడవడానికి కూడా మనిషి సాయం కావాలా? ఒళ్ళు మండిపోయింది.

గాజువాకలో ఆటో ఎక్కి, విశాఖ వన్ టౌన్‌లో ఆ డిస్క్ తయారుచేసిన అర్జునరావు స్టూడియోకి వెళ్ళాను.

"ఏ నంబరు నొక్కితే ఏ పాటొస్తాదో మెనూ పైకి సెప్పాల. లేపోతే నాకెలా తెలుస్తాది?" అన్నాను.

"ఇంట్లో ఎవులో ఒకలు నొక్కుతారు గదమ్మా."

"నీ అన్నం ఎవులైనా నమిలి పెడతన్నారేటి?"

చెప్పిస్తానని డిస్క్ పుచ్చుకున్నాడు. వారానికి కొత్త డిస్క్ పంపాడు. ఎంతో ఆశగా పెట్టాను. ఎవరో అమ్మాయి తియ్యగా పలికింది: "పసుపు రంగు బాణం ఏ పాట దగ్గరుందో చూసి, ఓకే నొక్కండి."

చూసి! గుడ్డివాళ్ళ కోసం చేసిన మెనూ చూడమంటోంది. రిమోట్ గోడకేసి కొట్టబోయి, దాంతోనే పని ఉందని ఆగాను.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. "మైకు నాకియ్యి. నాను సెప్తాను" అన్నాను.

రిమోట్‌లో ఐదు అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది. వేలికి తెలిసేది అదొక్కటే. మిగతావి దాని చుట్టూ లెక్కపెట్టుకోవాలి. మైఖేల్ పాట ఐదులో పెట్టమన్నాను.

"ఐదులో పాస్టరుగారి ప్రసంగం ఉందమ్మా. ఆయనేటనుకుంటారు?" అని నీళ్ళు నమిలాడు.

"ఆయనకి కళ్ళున్నాయి. ఎక్కడున్నా ఎతుక్కుంటారు."

ఒక్కో అంకెకీ ఏముందో అతన్ని అడిగి, నా గొంతుతోనే మైకులో చెప్పాను.

కొత్త డిస్క్ చేయించుకుని ఇంటికొచ్చి, తలుపు గడియపెట్టి, ఐదు నొక్కాను. మైఖేల్ ఒకసారి దగ్గి, పాట ఎత్తుకున్నాడు. మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ నా ఏడుపు నేనే బిగ్గరగా ఏడ్చుకున్నాను.