బయటి గడియ

గోడౌన్లో మంటలారాక, పోలీసులు వచ్చేలోగా అవ్వాల్సిన పనులు మేస్త్రీ గబగబా చెప్పేశాడు. మసి కడగాలి. కాలిన బట్టల మూటలు లారీకెత్తాలి. గోడౌను తలుపుకి బయటున్న గడియ ఊడబెరకాలి. మేకుల బెజ్జాలు లప్పంతో పూడ్చి రంగు కొట్టాలి.

చొక్కాలకి బొత్తాలు కుట్టే బొత్తాలక్క అదంతా నిలబడి చూసింది. ఆ తలుపు వెనకాలే, మూటలు మోసే ఆమె పెనిమిటి పొగకి ఊపిరాడక పోయాడు. గుడ్డముక్కలు ఎత్తుకుపోతారని, పని నడిచినంతసేపూ బయట గడియ పెట్టడం ఆ ఫ్యాక్టరీ అలవాటు. అతను తలుపు బాదిన చప్పుడు కుట్టుమిషన్ల రొదలో ఎవరి చెవినా పడలేదు. ఇప్పుడు మిషన్లు ఆగినా ఆమెకి వినపడుతూనే ఉంది.

కార్మికులంతా కలిసి ప్లీడర్ని పెట్టుకున్నారు. మంచివాడే. కాకపోతే వీళ్లని వరండా బల్లమీద కూచోబెట్టి, గది తలుపు మూసుకుని యజమాని ప్లీడరుతో మాట్లాడేవాడు. విచారణ రోజు పొద్దున కూడా అంతే. మాటలయ్యాక బయటికొచ్చి బొత్తాలక్కతో అన్నాడు:

“రాజీ కుదిరిందమ్మా. పరిహారం ఇస్తారు. తలుపు తీసే ఉందని మనం ఒప్పుకోవాలి.”

“ఎవర్నడిగి కుదిర్చారు బాబూ?”

“నీ మంచికేనమ్మా!”

“గడియ పెట్టేటప్పుడు మేస్త్రీ కూడా అదే అనేవాడు.”

ఫ్యాక్టరీలో ఇస్త్రీ చేసే తాత నసిగాడు. “పోయినవాడు ఎలాగూ రాడు తల్లీ. పిల్లలుగలదానివి.”

“రేపా గోడౌన్లోకి నీ కోడలు వెళ్తుంది తాతా. గడియ మళ్లీ పెడతారు.”

మిషన్ల దగ్గరి పిల్ల ఒకతి లేచింది. “ప్లీడరుగారూ, మా తరఫున మాట్లాడమన్నాం గానీ, మా బదులు ఆలోచించమన్లేదు. లాభమేదో నష్టమేదో చెప్పండి. తేల్చుకునేది మేము.”

“ఓడిపోతే నన్ననకండి మరి!”

“ఓడితే అందరం ఓడతాం. రాజీ వద్దనేవాళ్లు చేతులెత్తండి!”

చేతులన్నీ లేచాయి. తాతది ఆఖర్న లేచింది. ప్లీడరు గది తలుపు బార్లా తీసి, వచ్చి బల్ల చివర వాళ్ల పక్కనే కూచున్నాడు. “అయితే ఏం చెప్పమంటారో చెప్పండి,” అన్నాడు.

కోర్టులో ఆయన గడియ సంగతి చెప్పగానే యజమాని ప్లీడరు నవ్వాడు. “ఆనవాలేదీ?”

బొత్తాలక్క, పెనిమిటి తలుపు బాదినట్టే, అరచేత్తో బల్ల బాదింది. మళ్లీ బాదింది. పక్కన పిల్ల అందుకుంది, తాత అందుకున్నాడు. జడ్జి అరిచినా ఆగలేదు. పోలీసులు ఆమెని ఈడ్చుకెళ్లి వ్యాన్లో పడేసి తలుపేశారు. ఆమె లోపల్నుంచి బాదింది. ఈసారి వీధి వీధంతా విన్నది. ఆ సాయంత్రం ఒక్క మిషనూ తిరగలేదు. గోడౌన్లకి మిగిలిన గడియలన్నీ కార్మికులే ఊడబెరికారు.

మీ ప్లీడరో డాక్టరో “నీ మంచికే” అంటూ గది తలుపు మూసుకున్నప్పుడు, తలుపు బాది బాది చేతులాగిపోయిన ఆ మూటలు మోసే మనిషిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.