బావ ఎదురైన మజిలీ

పొద్దున బసలో బూట్లు తొడుక్కుంటూ అక్క నవ్వింది. "నీ గురక ముందు నా కాళ్ల బొబ్బలొక లెక్కా? రాత్రంతా రంపంతో కట్టెలు కోసినట్టే ఉంది" అంది.

ఆ నవ్వు కోసమే చెల్లెలు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ ఆమెను ఈ కాలిబాటకు తీసుకొచ్చింది. కొండల మీదుగా సముద్రం దాకా పోయే దారి. రోజుకొక మజిలీ నడిచి, సాయంత్రానికి ఏదో ఒక ఊళ్లో తలదాచుకోవడం. విడాకులయ్యాక అక్క గడప దాటింది ఇదే మొదటిసారి. బాట మొదట్లో దిగిన ఫొటోను సంబరంగా తెలిసినవాళ్లకు పంపింది. అది చేరకూడని చోటికీ చేరింది.

మధ్యాహ్నం, గొర్రెలు మేసే బీళ్ల మధ్య కంచె తలుపు తీయబోతుంటే, రాతిగోడ వెనకనుంచి బావ లేచాడు. చేతిలో కత్తి.

"ఎంత దూరం పోతావే? పో చూద్దాం!" అంటూ అక్క జుట్టు పట్టి గోడకేసి బాదాడు. నుదురు చిట్లి రక్తం ఆమె కళ్లలోకి కారింది. చెల్లెలు చేతికర్రతో అతని మోకాలి మీద శక్తికొద్దీ కొట్టింది. అతను ఒరిగాడే గాని పడలేదు. తిరిగి చెల్లెలి మూతి మీద గుద్దాడు. పన్ను ఊడింది. వెల్లకిలా పడ్డ ఆమె గుండెల మీద మోకాలు వేసి కత్తి ఎత్తాడు.

కత్తి దిగేలోపే, అక్క గోడలోంచి పెరికిన రాయి అతని తల మీద పడింది.

పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందంటారు. అక్క పదేళ్లు దెబ్బలు తిని కూడా తిరగబడలేదు. ఇప్పుడు మాత్రం ఆగలేదు. అతని చేతిలోంచి కత్తి జారిపోయాక కూడా కొట్టింది. అతను చేతులు అడ్డం పెట్టుకుంటే చేతుల మీదే కొట్టింది. వేళ్లు విరిగిన చప్పుడు వినపడింది.

"అక్కా, చాలు! చచ్చిపోతాడు!"

"చావనీ!"

చెల్లెలు ఆమె నడుము పట్టి వెనక్కి లాగింది. ఇద్దరూ బురదలో పడ్డారు.

బావ చెవి పైనుంచి రక్తం ధార కట్టింది. చెల్లెలు సంచిలోంచి కట్టుగుడ్డ తీసి గాయాన్ని అదిమింది. అతని బెల్టుతోనే అతని కాళ్లు బిగించింది. అక్కడ ఫోనుకు సిగ్నల్ లేదు.

"కింద ఊళ్లోకెళ్లి మనుషుల్ని తీసుకురా అక్కా."

"వాణ్ణి బతికిస్తావా? నిన్ను చంపబోయాడే!"

"నువ్వు జైలుకెళ్తే నేను చూడలేను. వెళ్లు."

అక్క వెళ్లింది. కాసేపటికి బావ కళ్లు తెరిచాడు. "మరదలా... దాహం."

చెయ్యి తీసేస్తే చాలు, ఎవరూ అడగరు. ఆ ఊహ ఒకసారి కాదు, చాలాసార్లు వచ్చింది. అయినా చెయ్యి తీయలేదు. రెండో చేత్తో అతని పెదాలు తడిపింది.

"నువ్వు మంచిదానివి" అని గొణిగాడు.

"నోరు మూసుకో బావా. నీ కోసం కాదు."

గొర్రెల కాపరి ట్రాక్టరెక్కి, పోలీసులను వెంటబెట్టుకుని అక్క తిరిగొచ్చింది. "ఎవరు కొట్టారు?" అని అడిగితే చెల్లెలు నోరు తెరవబోయింది. అక్క ఆమెను వెనక్కి జరిపింది.

"నేనే. నా చెల్లెల్ని చంపబోతుంటే కొట్టాను. రాయి అదిగో."

అతను బతికాడు. ఒక కన్ను పోయింది, జైలుశిక్ష పడింది. అక్క మీద కేసు నిలవలేదు. కాని చాలాకాలం ఆమె చేతులు కడుక్కుంటూ కుళాయి దగ్గరే నిలబడిపోయేది. చెల్లెలు వెళ్లి కుళాయి కట్టేసి తువ్వాలు అందించేది.