ఉష్షమ్మ మొగుడు తోపు చూసిన రోజు

చీపురు వెనక్కి తిప్పి పట్టుకుని, పిడితో ఆకుల్ని మెల్లగా పక్కకు నెడుతోంది ఆమె. తోపులో ఆ బాట శుభ్రం చేసే పద్ధతి అంతే. పుల్లల వైపు వాడితే, రాత్రి చలికి కింద రాలిన సీతాకోకచిలుకల రెక్కలు చిరిగిపోతాయి. ఒక్కొక్కదాన్నీ రెండు వేళ్లతో ఎత్తి పొద మీద పెడుతుంది. వంగీ వంగీ నడుము విల్లులా అయింది. "ఇక నాకు తలుపు గొళ్లెం కూడా అందదు" అని తనే నవ్వుతుంది.

చలికాలం మొదలవగానే ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చి ఆ తోపులో దిగుతాయవి. చలి తగ్గేదాకా కొమ్మలకు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. చూడ్డానికి జనం వస్తారు. వచ్చినవాళ్లు నోరు మెదపకూడదని నియమం. పొద్దెక్కాక ఆ నియమం నిలబెట్టడమే ఆమె ఉద్యోగం. ఎవరు గొంతు పెంచినా పెదవుల మీద వేలు పెట్టి "ఉష్" అంటుంది. పసిపిల్లలకూ అదే, పెద్ద అధికారులకూ అదే. అందుకే అందరికీ ఆమె ఉష్షమ్మ. నిజానికి ఉత్త వసపిట్ట. చిన్నప్పుడు తల్లీ, పెళ్లయ్యాక అత్తా నోరు మూసుకోమని తిట్టని రోజు లేదు. ఇప్పుడు ఊళ్లోవాళ్ల నోళ్లు మూయించి జీతం తీసుకుంటోంది. దేవుడికి వేళాకోళం ఎక్కువని ఆమె అభిప్రాయం.

ఇన్ని చలికాలాల్లో ఒక్క మనిషిని మాత్రం తోపులోకి రానివ్వలేదు. కట్టుకున్నవాణ్ణి.

అతను మరమగ్గాల షెడ్డులో పనిచేసినవాడు. ఆ మోతలో మాట వినబడాలంటే అరవాలి. అరిచీ అరిచీ గొంతు అలాగే స్థిరపడింది, చెవులు సగం పోయాయి. భార్యను ఉప్పు అడిగితే పక్కింటివాళ్లు తెచ్చిచ్చేవారు. గుసగుసలాడటం అతని ఒంట్లో లేదు. ప్రతి ఏడూ "నేనూ వస్తానే" అనేవాడు. "నువ్వొస్తే ఒక్కటీ మిగలదయ్యా, నా ఉద్యోగంతో సహా. వచ్చే ఏడు చూద్దాంలే" అనేది. ఈసారి డాక్టరు అతని గుండె చూసి, ఆమెను పక్కకు పిలిచి, ఏదీ వచ్చే ఏడుకని వాయిదా వెయ్యొద్దన్నాడు.

అందుకని ఈ రోజు తీసుకొచ్చింది. నడవలేడు కనక తోపు సూపర్వైజరు సామాన్ల బండి మీద మిట్ట పైదాకా చేర్పించాడు. ఆమె అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, మోకాళ్ల మీద దుప్పటి కప్పి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది.

"నోరు తెరిచావంటే చూడు. నలుగురిలో నా పరువు పోతుంది."

"తెరవనే!" అన్నాడు అతను, తోపంతా వినబడేలా.

ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఎండ లేకపోతే అవి రెక్క విప్పవు. ఎండుటాకులు కట్టలు కట్టి వేలాడదీసినట్టున్నాయి కొమ్మలన్నీ. అతను వాటినే చూస్తూ ఏదో అనబోయి, భార్య ముఖం చూసి మింగేశాడు. ఇంత ఆశపడి వచ్చి, ఈ ఎండుటాకులు చూసి పోతాడా? ఎండను అంతగా బతిమాలుకున్న రోజు ఆమె బతుకులో లేదు.

మధ్యాహ్నం దాటాక మబ్బు విడిచింది. వెలుగు ముందు చిటారు కొమ్మల మీద పడి, మెల్లగా కిందికి జారింది. ఒక గుత్తి కదిలింది. తర్వాత చెట్టుకు చెట్టే విప్పుకుని, నారింజ రంగుగా గాలిలోకి లేచింది. రెక్కల చప్పుడు సన్నటి జల్లులా వినిపించింది. అతని చెవులకు అది అందదు. జనాన్ని ఆపేందుకు కట్టిన తాడు దగ్గర నిలబడి, ఆమె చెట్లను కాక భర్త ముఖాన్ని చూసింది. మెడ వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. చెంపలు తడిసి ఉన్నాయి.

ఉన్నట్టుండి అతని గొంతు ఖంగుమంది.

"ఏమే! ఇన్నేళ్లూ ఇదంతా నువ్వొక్కదానివే చూశావా!"

తలలన్నీ అటు తిరిగాయి. ఆమె చెయ్యి అలవాటుగా దానంతట అదే లేచింది. పెదవుల మీద వేలు పెట్టి, కళ్లెర్రజేసి, "ఉష్" అంది. అతను నవ్వాడు. తనూ పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. ఇక మాట్లాడలేదు.

జనం పలచబడ్డాక దగ్గరికి వెళ్లింది. తల వెనక చెట్టుకు ఆనించి ఉన్నాడు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. భుజం తట్టింది. చెవి దగ్గర వంగి పిలిచింది. ఇంకా గట్టిగా పిలవాలి, అతనికి వినబడేలా. అక్కడ ఆమె ఎన్నడూ గొంతెత్తింది లేదు.

సూపర్వైజరు పరుగెత్తుకొచ్చాడు. నాడి పట్టుకు చూసి, తలమీది టోపీ తీశాడు.

"ఏడువు అక్కా," అన్నాడు. "గట్టిగా ఏడువు. ఎవరూ ఏమీ అనుకోరు."

ఆమె తల అడ్డంగా ఊపింది. ఇన్నేళ్ల కాపురంలో కడపటి మాట ఆ "ఉష్" అయింది. బంగారంలాంటి మనిషి అన్నాళ్లు ఆగి, వచ్చి, ఒక్క మాట అడిగితే నోరు మూయించింది. అవునయ్యా, నేనొక్కదాన్నే చూశాను, నిన్ను ఎప్పుడో తేవాల్సింది అని చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా వినేవాడు లేడు.

పనివాళ్లు అతన్ని దుప్పటితో సహా ఎత్తి బండి మీద పడుకోబెట్టారు. అరచేత్తో నోరు గట్టిగా నొక్కుకుని ఆమె బండి వెంట చెట్ల కిందుగా నడిచింది. గేటు దాటి, రోడ్డు మీదికి వచ్చాక చెయ్యి తీసింది. ఆమె గొంతు అంత పెద్దదని తోపులో పనిచేసేవాళ్లెవరికీ అప్పటిదాకా తెలియదు.

పైన బెంచీ ఖాళీగా ఉంది. అతను కూర్చున్న చోటు పక్కనే, ఒలిచిన తొక్క మీద, ఆమె కోసమని ఉంచిన సగం కమలాపండు ఉంది, పీచు కూడా తీసి.