పిల్లమ్మ పనసపండు, జెస్సికా గొంతు

మా మండలి పని వినడానికి గొప్పగానే ఉంటుంది. వికలాంగులకు చక్రాల కుర్చీలు, చెవి మెషిన్లు, మాట్లాడే ట్యాబ్‌లు అమర్చేవాళ్లకు సర్టిఫికెట్లు ఇస్తాం, నీతి తప్పితే పీకేస్తాం. ఇంతవరకూ ఎవరూ తప్పలేదు. ప్రతి ఏడూ రెన్యూవల్ అప్పుడు "క్లయింట్ల దగ్గర కానుకలు తీసుకున్నారా?" అని అడుగుతాం. అందరూ లేదంటారు, మేము నమ్మినట్టు తలాడిస్తాం. జెస్సికా ఒక్కతే "అవును, ఒక పనసపండు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. అంత నిజాయితీ ఎవరడిగారు?

హూడిలోని మా ఆఫీసులో విచారణ పెట్టక తప్పలేదు. సర్టిఫికెట్ పోతే జెస్సికా ఈ పని చేయకూడదు. అప్పుడు పండు ఇచ్చిన పిల్లమ్మకూ దిక్కుండదు. పక్షవాతం వచ్చి మాట పోయిన ఆ అత్తిబెలె ఊరి ముసలమ్మకు ట్యాబ్ అమర్చింది జెస్సికానే. బొమ్మ నొక్కితే అది ఒక మాట పలుకుతుంది. కొత్త మాట కావాలంటే మళ్లీ జెస్సికానే రావాలి.

తీర్పు చెప్పేది ఇద్దరు: అధ్యక్షుడు ఆదినారాయణప్పగారు, రిటైరైన నర్సు సుశీలమ్మగారు. నేను మునీంద్రను, కార్యదర్శిని. నిందితురాలు అమర్చిన పరికరం వాడుతున్నవాళ్లు తీర్పు చెప్పరాదని మా నియమం. అధ్యక్షుడి చెవి మెషిన్, సుశీలమ్మగారి భూతద్దం కళ్లజోడు రెండూ జెస్సికా అమర్చినవే.

"వాడకుంటే సరిపాయె కదప్పా," అని ఆదినారాయణప్పగారు మెషిన్ తీసి ట్రేలో పెట్టారు. సుశీలమ్మగారు కళ్లజోడు తీసి దాని పక్కన పెట్టారు. ఒకరికి వినబడదు, ఒకరికి కనబడదు. విచారణ నిష్పక్షపాతంగా మొదలైంది.

"పండు ఇచ్చేటప్పుడు ఏమంటివమ్మా?" అని ఆదినారాయణప్పగారు సాక్షి పిల్లమ్మను గట్టిగా అరిచి అడిగారు.

పిల్లమ్మ బొమ్మ నొక్కింది. "తిను తల్లీ."

సుశీలమ్మగారు ఉలిక్కిపడ్డారు. "జెస్సికా, నిన్నడగలేదు. సాక్షిని చెప్పనివ్వమ్మా."

"నేను మాట్లాడలేదు మేడమ్. పిల్లమ్మగారే. గొంతు మాత్రం నాది," అంది జెస్సికా. ట్యాబ్‌తో వచ్చిన కంపెనీ గొంతు వార్తలు చదివినట్టు మాట్లాడితే పిల్లమ్మ ట్యాబ్ ముట్టనే లేదట. అందుకని ఆమె యాసలోనే మాటలన్నీ జెస్సికా రికార్డు చేసింది.

"నిందితురాలి గొంతుతో సాక్ష్యమా? మునీంద్రా, మీ గొంతు పెట్టండి," అన్నారు సుశీలమ్మగారు.

పిల్లమ్మ నా మీసాలకేసి చూసి ఇంకో బొమ్మ నొక్కింది. "సాలు."

జరిగిందంతా కాగితం మీద రాసి అధ్యక్షుడికి చూపించాను. ఆయన చదివి తీర్పు చెప్పారు.

"మన రూలు ప్రకారం ఎవురి గొంతు ఇనపడితే వాళ్లు చెప్పినట్లే. తిను తల్లీ అనింది జెస్సికా గొంతు. తినింది జెస్సికా. అంటే తన పండు తానే తినింది. ఇంక కానుక యాడుండాది? కేసు కొట్టేసినాం."

నేను ఊపిరి పీల్చుకున్నాను. అంత పిచ్చి తీర్పు విని అంత సంతోషపడటం నా జన్మలో అదే మొదలు.

పిల్లమ్మ ముఖం మాత్రం వాడిపోయింది. కదిలే చేత్తో టకటకా నొక్కింది. "నాది. నాది. నాది."

"విన్నారా, పండు తనదేనని జెస్సికానే ఒప్పుకుంటోంది," అన్నారు సుశీలమ్మగారు.

జెస్సికా తటాలున లేచింది. కళ్లనిండా నీళ్లు. "పండు పిల్లమ్మగారిది. మాట వచ్చాక ఆమె మొదట అన్నది నాతోనే, తిను తల్లీ అని. వద్దని ఎలా అంటాను? ఆమే ఇచ్చారు, నేనే తీసుకున్నాను. అలాగే రాయండి. సర్టిఫికెట్ పోతే పోనీండి."

సుశీలమ్మగారు విననట్టే ట్రేలో కళ్లజోడు తడుముకోసాగారు.

"ఏమంటాదప్పా ఆ పాప?" అని ఆదినారాయణప్పగారు నన్నడిగారు.

కాగితం తిప్పి రాసి ఇచ్చాను: "థ్యాంక్స్ చెబుతోంది సార్."

ఆయన నవ్వి, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి, జెస్సికా చేతికిచ్చారు. పిల్లమ్మ నా ముఖంలోకే చూస్తూ, ఈసారి నెమ్మదిగా నొక్కింది.

"నాది."