రహీం టైలర్ సొంత కొలత

కత్తెర చాక్ గీత దాటి రెండంగుళాలు లోపలికి పోయింది.

రహీం ఆగిపోయాడు. ముప్పై ఏళ్లుగా భద్రాచలం బస్టాండు వెనక సందులో గుడ్డ కోస్తున్నాడు. ఏనాడూ గీత తప్పని చెయ్యి అది. ఇప్పుడు ఆ చేతిలో కత్తెర ఉందో లేదో కళ్లతో చూస్తే తప్ప తెలియడం లేదు.

"ఏమైంది రహీం భాయ్?" బల్ల అవతల నుంచి రూప్‌సింగ్ వంగి చూశాడు. ఆ ప్యాంటు గుడ్డ అతనిదే.

"ఏం కాలే. జేబు కాడ జర ఎక్కువుంటే తీసిన."

"తీసినవా, నా కాలే కోసినవా? పెండ్లికి పోవాలె నేను. ఒంటికాలి ప్యాంటుతోని తోలకు."

రహీం నవ్వాడు. తప్పిన ముక్కను మడిచి బల్ల కింద పడేశాడు. ఇంకో మీటరు గుడ్డ తనే తెచ్చి కలపాలి.

రూప్‌సింగ్ నడుము నలభై ఒకటి. నిన్న టేపు పెట్టినప్పుడు అతనితో ముప్పై ఎనిమిది అని చెప్పాడు. అది రహీం పద్ధతి. పొట్ట పెరిగిన మనిషికి అసలు కొలత చెబితే మొహం మాడ్చుకుంటాడు. అందుకే పైకి తగ్గించి చెబుతాడు. కొలతల పుస్తకంలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తాడు. అక్కడ అబద్ధం రాస్తే గుడ్డ పాడవుతుంది.

"మెడకు ఆపరేషన్ అన్నరంట గదా? చేయించుకోకు భాయ్," వెళ్తూ వెళ్తూ రూప్‌సింగ్ అన్నాడు. "మా తండాల ఒకాయన చేయించుకున్నడు. ఇప్పుడు మొహం మీద ఈగ వాలినా కొట్టుకోలేడు."

ఆ ఈగ రహీంని వదల్లేదు.

రెండు నెలల క్రితం ఖమ్మంలో డాక్టరు మెడ స్కానింగ్ ఫిల్ము వెలుతురుకు పట్టి చూపించాడు. మెడలో రెండు చోట్ల అరిగిన ఎముకలు వెన్నుపామును నొక్కుతున్నాయి.

"ఆపరేషన్ చేస్తే చేతులు మునుపటిలెక్క అయితయా సార్?"

"ఆ మాట ఇవ్వలేను. ఇంకా పాడవకుండా ఆపడానికే ఆపరేషన్. కొందరికి కొంత పట్టు తిరిగొస్తుంది."

"ఆపరేషన్ బల్ల మీద ఏమన్న అయితే?"

"ప్రమాదం తక్కువ. అసలు లేదని చెప్పను. చెయ్యకపోతే మాత్రం, ఒకసారి జారిపడితే చాలు, కాళ్లూ చేతులూ పడిపోవచ్చు."

ఆలోచించుకుని వస్తానన్నాడు రహీం. డాక్టరు ఒక పరీక్ష నేర్పాడు. పది సెకన్లలో పిడికిలి ఎన్నిసార్లు మూసి తెరవగలిగితే అన్ని. ఇరవై దాటాలి. ఆ రోజు రహీంకి పదిహేను వచ్చాయి. "ప్రతి ఆదివారం చూసుకోండి. పదికి తగ్గితే ఇక ఆలోచన వద్దు. వెంటనే వచ్చెయ్యండి."

ప్రతి ఆదివారం భార్య హాజిరా అడిగేది. ప్రతి ఆదివారం అతను పదహారు అనేవాడు.

ఈలోపు చాలా జరిగాయి. నమాజులో సజ్దాకి నేల మీదికి తల వంచితే మెడ నుంచి కాళ్ల దాకా కరెంటు కొడుతోంది. మసీదులో కుర్చీ వేసుకుని కూర్చుంటే అందరూ అడుగుతారని చివరి వరసలోకి మారాడు. ఒకరోజు ఒక్క చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండోది ఎక్కడ జారిపోయిందో కాలికి తెలియలేదు. కుక్క ఎత్తుకపోయిందన్నాడు. హాజిరా కుక్కను తిట్టింది.

శుక్రవారం రహీం జుమ్మా నమాజుకి వెళ్లాడు. ప్యాంట్లకు కాజాలు, అంచులు ఇంటి దగ్గర హాజిరాయే కుడుతుంది. రూప్‌సింగ్ ప్యాంటు పొడవు చూసుకోవడానికి షాపుకొచ్చి కొలతల పుస్తకం తెరిచింది. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది.

రహీం తిరిగొచ్చేసరికి ఆమె బల్ల ముందు కూర్చుని ఉంది.

"ఈ రహీం ఎవరు?"

"ఏ రహీం?"

"పుస్తకంల ఉన్నడు. నడుము లేదు, ఛాతీ లేదు. పదిహేను, పదిహేను, పద్నాలుగు, పదమూడు, పన్నెండు, పదకొండు, తొమ్మిది, ఎనిమిది. అన్నీ ఆదివారాలే. ఏం కుడుతున్నవు ఈయనకు?"

రహీం గోడ పట్టుకున్నాడు.

"నాకు పదహారు అని చెప్పినవు. నేనేమన్న పొట్ట పెరిగిన గిరాకీనా?"

"భయమైతున్నది హాజిరా."

"తొమ్మిది వచ్చిననాడు కాలేదా భయం? ఆ దినం బిర్యానీ తిన్నవు గదా, బాగుందని!"

"ఎట్లయినా చేతులు తిరిగి రావంట. మరి ఎందుకు కోయించుకోవాలె? రూప్‌సింగ్ చెప్పినాయన లెక్క మంచాన పడితే? నువ్వే తినిపించాలె, నువ్వే కడగాలె."

"ఇయ్యాల నీ చెయ్యి నోటి కాడికి పోతున్నది. గది ఆగకుండ చూస్తమన్నరు. నాకు గంతే గావాలె." పుస్తకం అతని ముందుకు తోసింది. "రూప్‌సింగ్ డాక్టరా? నడుము ఎంతనో తెల్వదు వానికి!"

ఆమె ఫోన్ తీసి ఖమ్మం దవాఖానాకు చేసింది. అంకెలన్నీ వరసగా చదివింది. కాసేపటికి డాక్టరే లైనులోకి వచ్చాడు. ఇవాళే బయల్దేరమన్నాడు. దారిలో మెడకు కుదుపు తగలనివ్వొద్దన్నాడు.

బయట మైకు కట్టిన ఆటో పోతోంది. గోదావరి రెండో హెచ్చరిక దాటింది. నీరు ఇంకా పెరిగితే ఖమ్మం దారిలో వంతెన మీద రాకపోకలు ఆపుతామంటున్నారు.

"నీళ్లు తగ్గినంక పోదాం," అన్నాడు రహీం. "నాలుగు దినాలే గదా."

హాజిరా అతని కుడి చెయ్యి తీసుకుని బల్ల మీద పెట్టింది. ఫోన్‌లో గడియారం పెట్టింది. "చెయ్యి."

పిడికిలి మూశాడు. తెరవబోతే చిటికెన వేలు రాలేదు. రెండోసారి ఉంగరం వేలూ మొండికేసింది. పది సెకన్లు అయ్యేసరికి ఆరు. ఆదివారం నుంచి శుక్రవారానికి రెండు పోయాయి.

రహీం తన చెయ్యిని పరాయివాడి చెయ్యిని చూసినట్టు చూశాడు. తర్వాత షట్టరు వైపు నడిచాడు. చెయ్యి పైకెత్తి కొక్కెం అందుకోవడం అతని వల్ల కాలేదు. హాజిరా వచ్చి లాగింది.

మూడు గంటల ఖమ్మం బస్సు దొరికింది. రహీం కిటికీ పక్కన కూర్చున్నాడు. హాజిరా వెనక సీట్లో కూర్చుని, రెండు అరచేతులూ చాచి అతని తల అటూ ఇటూ కదలకుండా పట్టుకుంది.

కండక్టరు టికెట్లు కొడుతూ ఆగాడు. "ఏందమ్మా, గట్ల పట్టుకున్నవు? పారిపోతడా?"

"అవ్. రెండు నెలల సంది పారిపోతున్నడు. జర మెల్లగ తోలమను అన్నా, మెడ బాగలేదు."

బస్సు వంతెన ఎక్కింది. కింద ఎర్రటి నీళ్లలో దుంగలు కొట్టుకుపోతున్నాయి. ఒక అతుకు మీద చక్రం ఎగిరింది. కరెంటు రహీం అరికాళ్ల దాకా పోయింది. చెవుల మీద ఆమె వేళ్లు వణుకుతున్నాయి. ఆ వణుకు మాత్రం అతనికి బాగా తెలుస్తోంది.

"ఆపరేషన్ గదిలకు నిన్ను రానియ్యరు గదా," అన్నాడు.

"రానియ్యరు."

"మరి?"

"తలుపు కాడ కూసుంట."

బస్సు అవతలి ఒడ్డున సారపాక వైపు దిగింది. వెనక వంతెన మొదట్లో పోలీసులు లారీలోంచి బారికేడ్లు దించుతున్నారు.