ఓబులేసుకు తగిన తుపాకి

ఆనందయ్య సారుకు ప్రాణభయం ఇంకా ఉందో లేదో కనుక్కుని రాసుకుపోవడానికి కానిస్టేబుల్ విష్ణుతేజ జమ్మలమడుగులో ఆయన ఇంటికి వచ్చేసరికి, ఆ భయానికి కారకుడైన ఓబులేసు అదే వరండాలో కూర్చుని బొరుగులు తింటున్నాడు.

విష్ణుతేజ ఆ స్టేషనుకు కొత్త. మనుషుల మొహాలు ఇంకా తెలియవు. కుర్చీ లాక్కుని ఫైలు విప్పాడు.

"సార్, రివాల్వర్ లైసెన్సుకు అర్జీ పెట్టుకున్నారు గదా. నాలుగేండ్లాయె. ఇప్పుడు మళ్లా ఎంక్వైరీ చేయమని వచ్చింది. 'ఓబులేసు, తండ్రి నాగన్న, బండల వ్యాపారం, ఇతని వలన అర్జీదారునకు ప్రాణహాని కలదు' అని రాసుండాది. ఆ మనిషి వల్ల ఇంగా భయముండాదా, పోయిందా?"

ఆనందయ్య కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఓబులేసు బొరుగుల గిన్నె కింద పెట్టాడు.

"నాగన్న కాదు, నాగప్ప. తప్పు రాసినారు. దిద్దుకో."

"మీకు ఆ మనిషి తెలుసునా?"

"నేనే ఆ మనిషిని."

కానిస్టేబుల్ పెన్ను ఆగిపోయింది. సారు వంక చూశాడు. సారు అద్దాలు ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

"సారుకు నా వల్ల భయముండాది," అన్నాడు ఓబులేసు గట్టిగా. "శానా ఉండాది. రాసుకో."

ఆనందయ్య మిషన్ బడిలో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ఆయన ఉద్యోగంలో ఉన్న చివరి ఏడాది ఓబులేసు బడి ఆటస్థలంలో ఒక మూల నాపబండలు పేర్చాడు. మొదట ఒక వరస. తర్వాత మూడు. ఆ తర్వాత రేకుల షెడ్డు. ఆనందయ్య తహసీల్దారుకు కాగితం రాశాడు. మర్నాడే ఓబులేసు గేటు దగ్గరికి వచ్చి, "సార్, నువ్వు పిల్లోళ్లకు లెక్కలు సెప్పుకో. నీ లెక్క నేను తేలుస్తా" అని ఒక్క మాట అని వెళ్లిపోయాడు.

ఆ ఒక్క మాట మీద కోర్టులో కేసు నడిచింది. తుపాకీ లైసెన్సుకు అర్జీ పెడితే భయం ఎంత గట్టిదో జడ్జిగారికి అర్థమవుతుందని ప్లీడరు సీతాపతి సలహా ఇచ్చాడు. పెట్టారు. కేసు రాజీతో ముగిసింది. బండలు లేచిపోయాయి. బండలు దింపేటప్పుడు కూలిన బడి ప్రహరీ ఓబులేసే కట్టించాడు. ఆ తర్వాత అతనికి షుగరు ముదిరి ఎడమకాలి బొటనవేలు తీసేశారు. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన కమలమ్మ, సారు భార్య, మూడు నెలలు రోజూ ఆ కాలికి కట్టు కట్టింది. కట్టు కోసం మొదలైన రాక పుండు మానాక కూడా ఆగలేదు. శత్రుత్వం ఏ రోజున పోయిందో ముగ్గురిలో ఎవరికీ గుర్తులేదు. అర్జీ మాత్రం ఆఫీసుల్లో దాని దారిన అది నడుస్తూనే ఉంది.

కానిస్టేబుల్ వెళ్లగానే కమలమ్మ బయటికి వచ్చింది.

"నీకు బుద్ధుండాదా ఓబులేసూ? భయం ల్యా, ఏం ల్యా అని చెప్పి పంపిస్తే పోయేది గదా."

"సిస్టరమ్మా, ఇంట్లో కొడుకు నా మాట ఇనడు. పాలిష్ మిల్లు కాడ కూలోళ్లు నన్ను సూసి లెయ్యడం గూడ మానుకున్నారు. నాకు భయపడేదానికి గవర్నమెంటు కాయితం ఒకటే మిగిలింది. దాన్ని గూడ కొట్టేయమంటావా?"

కమలమ్మ మొగుడి వైపు తిరిగింది. "మరి నీ నోటికేమైంది?"

ఆనందయ్య దగ్గర ఒక రహస్యం ఉంది. అర్జీతోపాటు తుపాకీ వాడటం నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ కూడా పెట్టాలంటే, అప్పట్లో పులివెందుల అవతల ఉన్న ఒక షూటింగ్ క్లబ్బుకు రెండు రోజులు వెళ్లొచ్చాడు. భయంభయంగా వెళ్లాడు. రెండో రోజు మధ్యాహ్నం ఆయన కాల్చిన కాగితాన్ని కోచ్ ప్రేమ్ సాగర్ వెలుతురుకు పట్టి చూసి, "ఇంతకు ముందు అలవాటుండాదా సార్?" అని అడిగాడు. అలవాటల్లా వెనక బెంచీలో నిద్రపోయే పిల్లల మీదికి ముప్పై మూడేళ్లు సుద్దముక్కలు విసరడమే. ఆ కాగితాన్ని ఆయన పాత లాగరిథమ్ పుస్తకంలో దాచుకున్నాడు. నెలకొకసారి తీసి చూసుకుంటాడు. అరవై దాటాక మనిషికి కొత్తగా ఒక పని చేతనవుతుందని ఎవరు అనుకుంటారు?

రెండు నెలలకు లైసెన్సు వచ్చింది. గడువులోగా తుపాకి కొనకపోతే అది రద్దవుతుందట. కమలమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు కాఫీ గ్లాసు ముందు పెట్టి చెప్పింది.

"మనుషుల ఒంట్లోంచి తూటాలు తీస్తాంటే ట్రే పట్టుకుని నిలబడిన దాన్ని నేను. ఒకటీ రెండూ కాదు. నా ఇంట్లోకి తుపాకి రావాలంటే అది నా కండ్ల ముందరే రావాల. నేనూ వస్తా."

"నేను గూడ వస్తా," అన్నాడు ఓబులేసు. "తుపాకుల సంగతి మీకేం తెలుసు? జీవితమంతా వాటితోనే బతికినోన్ని."

అలా ముగ్గురూ ఓబులేసు కారులో ప్రొద్దుటూరు బయలుదేరారు.

ఆయుధాల దుకాణం గాంధీ రోడ్డు వెనక సందులో, బంగారం కొట్టుకూ చీరల కొట్టుకూ నడుమ ఇరుక్కుని ఉంది. భర్త పోయాక ఇరవై ఏళ్లుగా దాన్ని నడుపుతున్నది సైదున్నీసా; అందరూ 'బీ' అని పిలుస్తారు. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. లైసెన్సు మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా చదివి, కళ్లజోడు పైనుంచి చూసింది.

"ఏం పనికి సార్?"

"ఆత్మరక్షణకు," అన్నాడు ఆనందయ్య. గొంతు తగ్గించి, "కొంచెం గురి ప్రాక్టీసుకు గూడ," అన్నాడు.

కమలమ్మ తల తిప్పి చూసింది.

"ఆ రెండూ ఒక తుపాకిలో కుదరవు సార్. బట్టల్లో దాచుకునేది పొట్టిగా, తేలిగ్గా ఉండాల. పొట్టిదైతే చేతిలో ఎగిరి పడతాది, గురి నిలవదు. గురికైతే గొట్టం పొడుగుండాల, బరువుండాల. దాన్ని నడుములో పెట్టుకుంటే ఊరంతా సూస్తాది. ఏది ముఖ్యమో నువ్వే తేల్చుకోవాల. ఇంతకూ భయం ఎవరితో? దూరం నుంచి వచ్చేటోడా, పక్కన వచ్చి కూసునేటోడా?"

ఆనందయ్య అద్దాలు తీసి తుడవబోయాడు.

"పక్కన కూసునేటోడే," అన్నాడు ఓబులేసు. "నేనే."

సైదున్నీసా అతన్ని తల నుంచి కాలిదాకా, వేలు లేని పాదం దాకా చూసింది. ఇరవై ఏళ్ల వ్యాపారంలో ఇలాంటి బేరం ఆమెకు తగల్లేదు కానీ మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

"మంచిదాయె. ఆ గోడ కాడ నిలబడప్పా. కొలత చూసుకునేదానికి పనికొస్తావు."

లోపలినుంచి ఒక పొట్టి రివాల్వర్ తెచ్చి, తూటాల చక్రం తెరిచి చూపించింది. "ఖాళీ. నేను చెప్పినానని నమ్మొద్దు, నువ్వు సూడు. ఎప్పుడు చేతికి తీసుకున్నా నువ్వే సూసుకోవాల." ఆనందయ్య ఆరు చిల్లులూ లెక్కపెట్టి చూశాడు. తుపాకి ఆయన అరచేతిలో అణిగిపోయింది.

గోడ దగ్గర ఓబులేసు మొహం మాడిపోయింది.

"ఇదేంది బీ? దీపావళికి పిల్లోళ్లు పట్టుకునేది ఇంతకంటే పెద్దగుంటాది. నా మిందికి ఇదా? రేపు ఎవరన్నా అడిగితే ఏమని చెప్పుకోవాల? ఓబులేసుకు ఇంత పుల్ల సాలంట అని నవ్వరా?"

"నిన్ను కాల్చేదానికి కాదు గదా ఓబులేసూ," అన్నాడు ఆనందయ్య.

"కాల్చకపోయినా మర్యాదుండాల గదా సార్!"

సైదున్నీసా వినిపించుకోలేదు. తోలు సంచిలో ఆ రివాల్వర్ పెట్టి, సారు నడుముకు తగిలించి, పైన చొక్కా సర్దింది. "నడువు." ఆనందయ్య నిండు బిందె మోస్తున్నవాడిలా నడిచాడు. "కూసో." కూర్చుంటే పిడి పక్కటెముకలో గుచ్చుకుని లేచాడు. "ఆ పెన్ను తియ్యి." వంగితే వెనక చొక్కా లేచింది.

"చర్చిలో చేతులెత్తి పాడతావు గదా, అప్పుడెట్ల?" అంది కమలమ్మ.

ఆనందయ్య చేతులెత్తాడు. చొక్కా అంచు పైకి పోయి, తోలు సంచీ, పిడీ బయటపడ్డాయి.

"పాస్టరు ప్రార్థన తొందరగా ముగిస్తాడు," అన్నాడు ఓబులేసు.

ప్యాంటు జేబులో వేసి చూశారు. నాలుగడుగులకోసారి ప్యాంటు పైకి లాక్కోవాల్సి వచ్చింది. ఎలాగో కుదిరి, తుపాకి ఏమాత్రం కనపడకుండా నిలబడగలిగాడు.

"ఇప్పుడెట్లుండాది?"

కమలమ్మ పరీక్షగా చూసింది. "తుపాకి కనపడ్డంల్యా. నీ మొకమే కనపడతాంది. కాపీ కొట్టి దొరికిన పిల్లోని మాదిరుండావు."

సైదున్నీసా మొదటిసారి నవ్వింది. పొట్టి రివాల్వర్ తీసుకుని, పొడుగు గొట్టంది బల్ల మీద పెట్టింది. ఆనందయ్య చక్రం తెరిచి చూసుకున్నాడు. చేతిలోకి తీసుకున్నాడు. కాళ్లు వాటంతట అవే పక్కకు జరిగాయి. కుడి చెయ్యి నిదానంగా లేచి, ఎదురుగా ఉన్న ఖాళీ గోడ మీది మేకు వైపు సూటిగా నిలిచింది. ఊపిరి సగం వదిలి ఆపాడు.

"అట్ల నిలబడేది నీకు ఎవరు నేర్పినారయ్యా?" అంది కమలమ్మ నెమ్మదిగా.

చెప్పక తప్పలేదు. క్లబ్బు సంగతి, కాగితం సంగతి, లాగరిథమ్ పుస్తకం సంగతి అన్నీ చెప్పాడు. నలభై ఏళ్ల కాపురంలో మొగుడు తనకు చెప్పకుండా దాచినది ఇదొక్కటేనా అని కమలమ్మకు అనుమానం వచ్చింది కానీ ఆ విచారణ ఇంటికి వాయిదా వేసింది.

"కాల్చి సూడకుండ కొనొద్దు," అంది సైదున్నీసా. "క్లబ్బు కాడ రెండు రకాలూ ఉంటాయి. కాల్చి, ఏదో తేల్చుకుని రాండి. నా దుకాణం యాడికీ పోదు."

శనివారం పొద్దున పులివెందుల చేరారు. ప్రేమ్ సాగర్ మిలిటరీలో చేసి వచ్చినవాడు. సారును చూడగానే గుర్తుపట్టాడు. చెవులకు మూతలు పెట్టించి, మొదట పొట్టిది ఇచ్చాడు. ఆనందయ్య అయిదు కాల్చాడు. రెండు కాగితానికి తగిలాయి. ఒకటి చెక్క ఫ్రేముకు తగిలింది. మిగిలిన రెండూ వెనక మట్టికట్టలో ఎక్కడికి పోయాయో మట్టికే తెలియాలి. తర్వాత పొడుగుది తీసుకున్నాడు. ఈసారి అయిదూ నల్లటి గుండ్రంలోనే పడ్డాయి. అరచెయ్యి పెడితే అన్నీ మూతపడతాయి. కమలమ్మ కాగితాన్ని కాదు, మొగుడి మొహాన్ని చూసింది. బోర్డు మీద లెక్క నిశ్శేషంగా భాగింపబడినప్పుడు ఆయన మొహం ఎలా ఉండేదో అలా ఉంది.

"మీరు గూడ ఒక రౌండు కొట్టండన్నా," అన్నాడు ప్రేమ్ సాగర్ ఓబులేసుతో. "మీకు అలవాటే అంట గదా."

"నా చెయ్యి బరువు. మీ గోడ నిలవదు."

"ఏం కాదులేన్నా."

"పొద్దున్నుంచి చెవి నొస్తాంది. షుగరు గూడ…"

అప్పుడే పక్క వరసలో ఎవరో ధన్‌మని పేల్చారు. రెండు మండలాల్లో పేరున్న ఓబులేసు రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కమలమ్మ పరుగున వెళ్లి నాడి పట్టి చూసింది. అది గుర్రంలా పరుగెడుతోంది.

"ఏమైంది ఓబులేసూ?"

కాసేపటికి ఒక కన్ను తెరిచాడు. "నేను ఇంతవరకూ తుపాకి ముట్టుకోల్యా సార్."

"మరి అంతా చెప్తారే? చొక్కా కింద ఎప్పుడూ ఉంటాదని? గేటు కాడికి వచ్చిన రోజు నేను గూడ సూసినా గదా, నడుము కాడ ఉబ్బెత్తుగా!"

"అది మూడు సెల్లుల టార్చిలైటు సార్. కనపడాలనే పెట్టుకునేటోన్ని."

ఆనందయ్యకు నిజంగానే కోపం వచ్చింది. చేతిలో తుపాకిని ప్రేమ్ సాగర్‌కు అప్పగించేసి మాట్లాడాడు.

"ఆ టార్చికి భయపడి రెండేండ్లు నేను సాయంత్రం నడకకు పోల్యా! చర్చికి ఆటోలో పోయినా! కిటికీ కాడినుంచి మంచం మార్చినా! గాలి ల్యాక ఈమె ఎండాకాలమంతా నన్ను తిట్టింది!"

విసవిసా నడిచి షెడ్డు కింద బెంచీ మీద కూర్చున్నాడు. ఓబులేసు కుంటుతూ వచ్చి ఆ బెంచీకే ఆ చివర కూర్చున్నాడు.

"తప్పే సార్. మాట అనేదొకటే నాకొచ్చు. ఆ మాట అన్నాక నాకూ తిండి సయించల్యా. సదువుకున్న మనిషి, కేసు పెడ్తాడేమోనని."

"పెట్టినా గదా."

"పెడితివి," అని ఒప్పుకున్నాడు ఓబులేసు.

ముందు ఎవరికి నవ్వొచ్చిందో తెలియదు. కమలమ్మ మజ్జిగ గ్లాసులతో వచ్చేసరికి ఇద్దరూ కళ్లు తుడుచుకుంటున్నారు. ఆమెకు అప్పుడు కోపం వచ్చింది. ఎండాకాలం మంచం సంగతి ఆమె ఇంకా మరిచిపోలేదు.

సోమవారం సైదున్నీసా దుకాణంలో ఆనందయ్య పొడుగుదే తీసుకున్నాడు.

"మరి దాచుకునేది?" అంది ఆమె.

"దాచుకునే పని ల్యా బీ."

తుపాకి పెట్టెకు తాళం వేశారు. తాళంచెవి కమలమ్మ మెడలోని గొలుసుకు చేరింది. తూటాలు ఎక్కడ ఉంచాలో కూడా ఆమే చూసుకుంటానంది. స్టేషనులో రాయించడానికి వెళితే విష్ణుతేజ, "మళ్లా ఏమన్నా బెదిరింపులున్నాయా సార్?" అని అడిగాడు. వెనక నిలబడిన ఓబులేసు గొంతు సవరించుకున్నాడు కానీ కమలమ్మ చూసిన చూపుకు గోడ మీది క్యాలెండరు చదవసాగాడు.

ఇప్పుడు ప్రతి శనివారం ముగ్గురూ పులివెందుల పోతారు. ఆనందయ్య కాల్చినంతసేపూ ఓబులేసు చెవుల్లో దూది కుక్కుకుని కారులో అద్దాలెత్తుకుని కూర్చుంటాడు. అయిపోయాక చిల్లులు పడిన కాగితం అడిగి తీసుకుంటాడు. ఆదివారం పొద్దున జమ్మలమడుగు బస్టాండు దగ్గర టీ బంకులో దాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా టీ గ్లాసులు పెడతాడు.

"సూడండప్పా. పదికి ఎనిమిది నల్ల గుండ్రంలో. ఈ వయసులో సారు ఇంత కష్టపడి నేర్చుకుంటాండేది ఎవని కోసమనుకుంటాండారు?" అని, ఎవరైనా అడుగుతారేమోనని అందరి మొహాలూ వరసగా చూస్తాడు.