గోరింటాకు పెట్టిన వేళ్ళు

పున్నమ్మకు తన మీద తనకే ఒళ్ళు మండిపోతోంది. గుంటూరు మిర్చి యార్డు పక్కన కోల్డ్ స్టోరేజీలో పద్దెనిమిదేళ్ళుగా కాయలకు తొడిమలు తీస్తోంది. చేతుల మంటకు గోరింటాకును మించిన మందు లేదని కనబడ్డవాళ్ళందరికీ చెబుతుంది. ఆ నోరే ఇవాళ కొంప ముంచింది.

రహిమున్నీసా ఆమె పక్కనే కూర్చుని తొడిమలు తీసే మనిషి. గుండెలో వాల్వు పాడై నాలుగడుగులకే ఆయాసం. ఆరోగ్య కార్డు మీద పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేస్తామన్నారు, మంచం ఇవాళే ఖాళీ అయింది. మధ్యాహ్నం పన్నెండులోపు కార్డుల బల్ల దగ్గర వేలిముద్ర పడకపోతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది, మళ్ళీ వంతు నెలన్నరకు. అందాకా ఈ మనిషి ఆగుతుందో లేదో డాక్టరమ్మ కూడా చెప్పలేదు.

కాయల ఘాటుకు పొట్టు రేగిన వేళ్ళు కదా, ముద్ర పడదేమోనని మొన్న పున్నమ్మే గోరింటాకు రుబ్బి తెచ్చింది. మంట పుట్టే వేళ్ళన్నిటికీ దట్టంగా పెట్టింది. చర్మం కుదుటపడుతుందనుకుంది పిచ్చిది. ఎర్రగా పండిన బొటనవేళ్ళను మిషను ససేమిరా ఒప్పుకోలేదు. అయిదుసార్లు పెట్టారు, అయిదుసార్లూ ఎర్ర లైటే.

వరుసలో వాళ్ళకు ముందు నిలబడ్డ పొదిలి వైపు పెద్దాయన బాపయ్యకూ ఇదే గతి. పత్తికాయల మొనలకు గీరుకుపోయిన రెండు బొటనవేళ్ళూ పడక, సంచీ తీసుకుని గేటు వైపు వెళ్ళిపోయాడు.

"రంగు పోయాక రండమ్మా," అన్నాడు కార్డుల బల్ల దగ్గరి ఉద్యోగి శివనాగరాజు.

"రంగు పోయేలోపు మనిషి పోతే?" అంది పున్నమ్మ.

"రూలండీ. నేనేం చెయ్యను?"

పున్నమ్మ గొంతు వరండా దాటింది. "అందరికీ వైద్యం అని గోడల మీద రాశారే! అందరికీ అంటే వేళ్ళు నున్నగా ఉన్నోళ్ళకనా? మనిషి ఎదురుగా కూచుని ఎగపోస్తా ఉంటే, నువ్వు నువ్వేనా అని వేలినడుగుతారేందయ్యా! రోగం వచ్చిందా లేదా చూడాల్సింది డాక్టరు. ఇంకే సాక్ష్యం కావాలి?"

శివనాగరాజు చెడ్డవాడు కాదు, నేర్పింది నేర్పినట్టు చేసేవాడు.

"గొడవొద్దక్కా, ఇంటికి పోదాం," అంది రహిమున్నీసా. ఎడమచేత్తో కొంగు పట్టుకుని మెల్లగా లేచింది. అప్పుడు కనబడింది పున్నమ్మకు ఆ చిటికెన వేలు. దానికి గోరింటాకు లేదు. తొడిమ తీసేటప్పుడు అది పెళ్ళికొచ్చిన చుట్టంలా పక్కన నిలబడుతుంది, కాయను ముట్టదు. మంట లేని వేలికి మందెందుకని తనే వదిలేసింది.

"ఆగవే!" ఆ చెయ్యి లాగి బల్ల మీద పెట్టింది. "ఇది వెయ్యించు!"

"బొటనవేలే అండీ. ఎప్పుడూ అదే వేయిస్తాం."

"ఆ మిషనేమన్నా చిటికెన వేలొద్దందా?"

శివనాగరాజు తెర వైపు చూశాడు. దాని మీద రెండు చేతుల బొమ్మ, పది వేళ్ళూ ఉన్నాయి. రెండేళ్ళుగా రోజూ చూస్తున్న బొమ్మే. చిటికెన వేలి మీద నొక్కి, రహిమున్నీసా వేలు గాజు మీద ఆనించాడు.

పచ్చ లైటు వెలిగింది.

రహిమున్నీసా ఏడ్చింది. ఆమె కంటే గట్టిగా పున్నమ్మ ఏడ్చింది. నర్సు చక్రాల కుర్చీ తెచ్చి, రహిమున్నీసాను కూర్చోబెట్టి వార్డుకు తీసుకుపోయింది.

శివనాగరాజు మాత్రం పొద్దుటి నుంచి ఎంతమందిని తిప్పి పంపానా అని ఆలోచిస్తున్నాడు. చటుక్కున లేచి గేటు వైపు పరుగెత్తాడు. బాపయ్య రోడ్డవతల బస్సు ఎక్కబోతున్నాడు. "పెద్దాయనా, పెద్దాయనా" అంటూ శివనాగరాజు పిలుస్తున్నాడు గానీ ఆ గొంతు ఆటోల మోతలో ఎవరికి వినబడుతుంది?

వెనకాలే వచ్చిన పున్నమ్మ అతన్ని పక్కకు నెట్టి, కొంగు నడుముకు బిగించింది.

"ఓ బాపయ్య బాబాయ్! వెనక్కి రా! నీకింకా ఎనిమిది వేళ్ళున్నాయి!"